హీటర్ హోస్ ఫిట్టింగ్ విరిగితే: అతికించాలా, మార్చాలా?

[దృశ్యం: బానెట్ తెరిచిన కారు. ఇంజిన్ వెనుక నుంచి క్యాబిన్ వైపు వెళ్లే రెండు రబ్బరు పైపులు.]

నమస్కారం. బెంగళూరులో కారు నడిపేవారిలో చాలామంది ఏడాది పొడవునా హీటర్ జోలికి వెళ్లరు. అయినా ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఈ రెండు పైపుల్లో వేడి కూలెంట్ పారుతూనే ఉంటుంది. చాలా కార్లలో ఆ ప్రవాహాన్ని ఆపే వాల్వు ఉండదు. డ్యాష్‌బోర్డు లోపలి చిన్న తలుపు ఒకటి గాలిని హీటర్ కోర్ (వేడి కూలెంట్ పారే చిన్న రేడియేటర్ లాంటి భాగం) మీదుగా పంపాలా, పక్కనుంచి పంపాలా అన్నది మాత్రమే నిర్ణయిస్తుంది. కాబట్టి హీటర్ ఎన్నడూ వేయని కారులో కూడా హీటర్ హోస్ ఫిట్టింగ్ పాడవుతుంది. అది విరిగినప్పుడు బయటికి పోయేది ఇంజిన్‌ను చల్లబరచవలసిన కూలెంటే.

[దృశ్యం: విరిగిన ప్లాస్టిక్ ఫిట్టింగ్, దగ్గరగా.]

ఫిట్టింగ్ అంటే హోస్ పైపును ఇంజిన్‌కు గాని, హీటర్ కోర్‌కు గాని కలిపే ముక్క. పాత కార్లలో ఇది లోహంతో ఉండేది, ఇప్పుడు ఎక్కువగా గాజు పోగులు కలిపిన నైలాన్‌తో చేస్తున్నారు. ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్ వైపు వదిలే థర్మోస్టాట్ సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది కనుక, రోజూ ఆ వేడికి ఎక్కుతూ, రాత్రికి చల్లబడుతూ ఉండే ఈ నైలాన్ కొన్నేళ్లకు పెళుసుబారుతుంది. ఆ స్థితిలో పక్కనున్న మరేదో పని చేస్తూ మెకానిక్ మోచేయి ఆనించినా చాలు, మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది.

లీకు ప్రతిసారీ ధారగానే కనిపించాలని లేదు. ఫిట్టింగ్ చుట్టూ ఎండిపోయిన ఆకుపచ్చ లేదా గులాబీ రంగు పొడి, బానెట్ దగ్గర తియ్యటి వాసన, రిజర్వాయర్‌లో మట్టం తగ్గుతూ ఉండటం ముందుగా కనిపించే గుర్తులు. క్యాబిన్ లోపల కార్పెట్ తడిగా ఉంటే అనుమానించవలసింది హీటర్ కోర్‌ను. ఇంకొక మాట: కూలెంట్ బాగా తగ్గిపోయి సెన్సార్ గాలిలో మిగిలిపోతే టెంపరేచర్ ముల్లు ఎక్కవలసిందిపోయి కిందనే ఉండవచ్చు. ముల్లును చూసి ధైర్యపడకూడదు.

మన ఊరికి సంబంధించిన విషయం ఒకటి చెప్పాలి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడ మూత లేని పాత్రలో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కూలెంట్ వ్యవస్థ తనలో దాదాపు ఒక బార్ అదనపు ఒత్తిడిని నిలుపుకుని ఆ మరుగు స్థానాన్ని బాగా పైకి నెడుతుంది. ఫిట్టింగ్‌లో సన్నని పగులు పడినా ఆ ఒత్తిడి నిలవదు. లీకైన కొద్దీ మామూలు నీళ్లు పోస్తూ బండి నెట్టుకొచ్చేవారి ఇంజిన్ సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో మరిగిపోవటానికి, ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగిపోవటానికి కారణం ఇదే.

అందుకే ఎం-సీల్ వంటి అతుకులను నేను సమర్థించను. వేడికి నైలాన్, ఆ ముద్ద ఒకే తీరుగా వ్యాకోచించవు, కొన్నాళ్లకు అతుకు అంచు దగ్గర వదిలేస్తుంది. "మనకు హీటర్ ఎందుకు సార్, రెండు పైపులూ కలిపేస్తాను" అనే సలహా కూడా గ్యారేజీల్లో వినిపిస్తుంది. కర్నూలు దారిలో ఎక్కడో చిక్కుకున్నప్పుడు ఊరు చేరటానికి అది పనికొస్తుంది, శాశ్వతంగా మాత్రం వద్దు. వానలో అద్దానికి పట్టే ఆవిరి త్వరగా పోవాలంటే ఏసీతో పాటు వెచ్చని గాలి కూడా కావాలి. ఇక పైపులను కలపకుండా బోల్టులు పెట్టి మూసేయటం మరీ ప్రమాదం. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడు కూలెంట్ తిరగటానికి ఈ మార్గమే ఆధారం.

[దృశ్యం: చేతి తొడుగులు, కింద పెట్టిన పళ్లెం.]

ఇప్పుడు పని. ఇంజిన్ పూర్తిగా చల్లారే వరకు కూలెంట్ మూతను తాకవద్దు. తరువాత కూలెంట్‌ను పళ్లెంలోకి దించండి. పాత హోస్ ఫిట్టింగ్‌కు అంటుకుపోయి ఉంటే మెలితిప్పి లాగవద్దు, ముఖ్యంగా హీటర్ కోర్ వైపు. అక్కడి గొట్టం పలుచనిది. అది వంగితే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పవలసిన ఖర్చు వచ్చి పడుతుంది. హోస్ కొనను పొడవునా చీల్చి అరటి తొక్కలా ఒలిచేయటమే మేలు. హోస్ ధర తక్కువ.

అసలు చిక్కు విరిగిన ముక్క ఇంజిన్ రంధ్రంలో మిగిలిపోయినప్పుడు. ముందుగా దాని వెనుక భాగంలోకి చిన్న గుడ్డ చొప్పించి, దాని కొన బయట ఉంచండి, లేకపోతే నైలాన్ తునకలు లోపలికి జారి కూలెంట్ మార్గంలో అడ్డుపడతాయి. తరువాత హ్యాక్సా బ్లేడు ముక్కతో నైలాన్‌ను మాత్రమే, లోహానికి గీత పడకుండా, నెమ్మదిగా కోసి, స్క్రూడ్రైవర్‌తో లోపలి వైపుకు ముడిచి బయటికి తీయండి. ఈ ఒక్క పనికి తొందర పనికిరాదు. గీత పడిన రంధ్రంలో ఎంత కొత్త ఓ-రింగ్ (లీకు కాకుండా ఫిట్టింగ్ చుట్టూ వేసే రబ్బరు వలయం) వేసినా కారుతుంది. చివరగా గుడ్డను తునకలతో సహా లాగేసి, సన్నని ఎమెరీ కాగితంతో రంధ్రాన్ని తుడవండి.

కొత్త ఫిట్టింగ్‌ను పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లి కొనండి. జేసీ రోడ్డు దుకాణాల్లో వ్యాసం పోల్చి చూసి ఇస్తారు. మీ మోడల్‌కు లోహపు ఫిట్టింగ్ దొరికితే నేను దానికే ఓటు వేస్తాను. ఓ-రింగ్‌కు కొద్దిగా కూలెంట్ రాసి నొక్కండి. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు రాయకూడదు, ఎందుకంటే ఈ రబ్బరు సాధారణంగా ఈపీడీఎం రకం, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతుంది.

[దృశ్యం: రిజర్వాయర్‌లో కూలెంట్ పోస్తున్న చేయి.]

నీళ్లు కలపని చిక్కటి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. బోరు నీటిలోని లవణాలు లోపల పెచ్చులు కడతాయి. హీటర్‌ను పూర్తి వేడి వైపు తిప్పి, గాలి తీసే స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి, బుడగలు ఆగే వరకు నింపండి. మూత బిగించి ఇంజిన్‌ను ఫ్యాన్ తిరిగే దాకా నడిపి ఆపండి. మర్నాటి ఉదయం చల్లగా ఉన్నప్పుడు మట్టం చూడండి, హోస్‌ను బిగించటానికి స్క్రూ క్లిప్పు వాడి ఉంటే మరో పావు మలుపు బిగించండి. దించిన కూలెంట్‌ను కాలువలో పారబోయకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో గ్యారేజీకి ఇవ్వండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, వీధి కుక్కలు దాన్ని నాకుతాయి.