సమ్మె వేళ మైదానంలోకి దిగినవారు: 1995 బేస్‌బాల్ వివాదంపై చర్చ

సంధానకర్త: నమస్కారం. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాళ్లు 1994 ఆగస్టు 12న మొదలుపెట్టిన సమ్మె 232 రోజులు సాగింది. 1904 తరువాత, ఏటా విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ జరగని ఏడాది అదొక్కటే. ఆ సమ్మె ప్రస్తావన వస్తే లక్షల డాలర్ల ఆటగాళ్లు, వారికంటే ధనికులైన యజమానులే గుర్తుకొస్తారు. మనం మాత్రం 1995 వసంతంలో సమ్మె చేస్తున్నవారి స్థానంలో ఆడడానికి పిలిపించిన మైనర్ లీగ్ (మేజర్‌కు కింది స్థాయి) ఆటగాళ్ల గురించి మాట్లాడుకుందాం. ఒక కార్మిక న్యాయవాది, ఒక క్రీడా పాత్రికేయులు మనతో ఉన్నారు. మేడమ్, అసలు పేచీ ఎక్కడ వచ్చింది?

న్యాయవాది: ఒక్కో జట్టు జీతాలకు పెట్టే మొత్తం ఖర్చు మీద గరిష్ఠ పరిమితి ఉండాలని యజమానులు పట్టుబట్టారు, డొనాల్డ్ ఫెర్ నాయకత్వంలోని ఆటగాళ్ల సంఘం ససేమిరా అంది. చర్చలు తెగకపోవడంతో 1994 డిసెంబరులో యజమానులు ఆ పరిమితిని తమంతట తామే అమలులో పెట్టి, జనవరిలో ప్రత్యామ్నాయ ఆటగాళ్లను దింపడానికి తీర్మానించారు. దీన్ని అన్యాయమనవచ్చు గానీ చట్టవిరుద్ధమని వెంటనే అనలేం. జీతభత్యాల కోసం సమ్మె చేసేవారి స్థానంలో యజమాని వేరేవారిని పెట్టుకోవచ్చని అక్కడి సుప్రీంకోర్టు 1938లోనే చెప్పింది.

పాత్రికేయుడు: బేస్‌బాల్‌లో అంతకు ముందే ఒక ముచ్చట జరిగింది. 1912లో డెట్రాయిట్ జట్టు ఆటగాడు టై కాబ్, తనను దూషించిన ప్రేక్షకుణ్ణి కొట్టి సస్పెండయ్యాడు. అతని కోసం తోటివారంతా మే 18న ఫిలడెల్ఫియాలో ఆడబోమన్నారు. జట్టు దిగకపోతే జరిమానా తప్పదు కాబట్టి ఊళ్లో దొరికినవారినే పోగుచేశారు. క్రికెట్‌లో బౌలర్ చేసే పనికి దగ్గరగా ఉండే పిచర్ బాధ్యత అలన్ ట్రావర్స్ అనే కాలేజీ విద్యార్థి మీద పడింది. అతను ఆట మొత్తం తానే వేసి 24 పరుగులిచ్చాడు, డెట్రాయిట్ 24-2 తేడాతో ఓడింది. ట్రావర్స్ తరువాత క్రైస్తవ పురోహితుడయ్యాడు.

సంధానకర్త: 1995లో మాత్రం సీజన్‌కు ముందు జరిగే సన్నాహక శిబిరాలకు వచ్చినవారు దారిన పోయేవారు కారు కదా?

పాత్రికేయుడు: కొందరు దాదాపు అంతే. సిన్సినాటి శిబిరంలో ఎప్పుడో ఆట మానేసిన పెడ్రో బోర్బోన్ 48 ఏళ్ల వయసులో మళ్లీ బంతి పట్టాడు. అసలు చిక్కు మైనర్ లీగ్ కుర్రవాళ్లది. సమ్మెకు ముందు మేజర్ ఆటగాడి సగటు జీతం ఏడాదికి దాదాపు 12 లక్షల డాలర్లు ఉండగా, మైనర్‌లో తొలి ఏడాది ఆడేవాడికి నెలకు వెయ్యి డాలర్లయినా దక్కేవి కావు, అదీ సీజన్ సాగినన్ని నెలలే. అలాంటివాడికి శిబిరానికి వస్తే 5,000 డాలర్లు, తొలిరోజు జట్టులో చోటు దొరికితే మరో 5,000 ఇస్తామన్నారు. వద్దంటే తన భవిష్యత్తును నిర్ణయించే యజమానికే ఎదురు చెప్పినట్టు. సరేనంటే, ఎన్నాళ్లుగానో ఏ లాకర్ రూమ్‌లో అడుగుపెట్టాలని కలలు కంటున్నాడో అక్కడివారికే శత్రువయినట్టు.

న్యాయవాది: మీ సానుభూతి నాకు అర్థమవుతోంది. కానీ సంఘం దగ్గర మరో ఆయుధం ఏముంది? టికెట్లు అమ్మి ఆడించే సన్నాహక పోటీల్లో దిగిన ప్రతివారినీ సమ్మె విచ్ఛిన్నకులుగానే చూస్తామని అది ముందే హెచ్చరించింది. ఆ గీత గీయకపోతే సమ్మె వారంలో కూలిపోయేది. 1987లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) యజమానులు మూడు వారాల పాటు ప్రత్యామ్నాయ జట్లతో పోటీలు నడిపి ఆటగాళ్ల సమ్మెను విరిచారు, బేస్‌బాల్ యజమానులు ఆశపడింది కూడా అదే.

పాత్రికేయుడు: మేడమ్, గీత గీసిన సంఘంలో ఆ కుర్రవాడికి ఓటు లేదు. ప్రతి జట్టుకూ ఉండే 40 మంది జాబితాలోకి ఎక్కిన మైనర్ ఆటగాడే సంఘ సభ్యుడు, మిగతావారికి సభ్యత్వమే లేదు. తమను ఏనాడూ అడగని సమ్మెకు వారు కట్టుబడి ఉండాలనడం నాకు మింగుడుపడదు. పైగా అందరికీ ఒకే వెసులుబాటు లేదు. షికాగో వైట్ సాక్స్ మైనర్ జట్టులో ఆడుతున్న మైకేల్ జోర్డాన్ ఈ గొడవలో పావు కాదలుచుకోక మార్చిలో బేస్‌బాల్ వదిలేసి బాస్కెట్‌బాల్‌కు వెళ్లిపోయాడు. డెట్రాయిట్ మేనేజర్ స్పార్కీ ఆండర్సన్ ఈ జట్టును నడపనని జీతం లేని సెలవు మీద వెళ్లాడు. రిక్ రీడ్ అనే పిచర్‌కు అలా వెళ్లే దారి లేదు. మధుమేహంతో బాధపడుతున్న తల్లి వైద్యం ఖర్చుల కోసం అతను సిన్సినాటి తరఫున దిగాడు.

సంధానకర్త: యజమానులంతా ఒక్క మాట మీదే ఉన్నారా?

పాత్రికేయుడు: లేరు. బాల్టిమోర్ యజమాని పీటర్ ఏంజెలోస్ అసలు ప్రత్యామ్నాయ జట్టునే పెట్టనన్నాడు. ఆయన స్వయంగా కార్మికుల తరఫున వాదించిన న్యాయవాది. దానికి తోడు, ఆ జట్టులోని కాల్ రిప్కెన్ విరామం లేకుండా ఆడుతున్న పోటీల వరస అప్పటికి 2,009కి చేరింది. అతను లేకుండా జట్టు దిగితే ఆ వరస ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఉంది. టొరంటోది ఇంకో తంటా. సమ్మెలో ఉన్నవారి బదులు వేరేవారిని పెట్టడం, ఆ నగరం ఉన్న కెనడాలోని ఆంటారియో రాష్ట్ర చట్టానికి విరుద్ధం కాబట్టి, ఆ జట్టు తన సొంత పోటీలను ఫ్లోరిడాలోని డనీడిన్‌లో ఆడుకోవడానికి సిద్ధపడింది.

సంధానకర్త: అయినా ఆ జట్లతో సీజన్ మొదలు కాలేదు.

న్యాయవాది: ఏప్రిల్ 2న మొదలు కావలసి ఉండగా, మార్చి 31న న్యూయార్క్ జిల్లా న్యాయమూర్తి సోనియా సోటోమేయర్ యజమానులపై నిషేధాజ్ఞ ఇచ్చారు. తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయింది ఈమే. ప్రత్యామ్నాయ ఆటగాళ్లను పెట్టడం తప్పని ఆమె తీర్పు చెప్పలేదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. చర్చలు ముగియకుండానే పాత ఒప్పందంలోని వేతన నియమాలను యజమానులు మార్చడం చెల్లదని, వాటిని తిరిగి పెట్టాలని చెప్పారు. దాంతో ఆటగాళ్లు పనిలోకి వస్తామన్నారు, యజమానులు ఒప్పుకున్నారు, శిబిరాల్లో ఉన్న ప్రత్యామ్నాయ ఆటగాళ్ల అవసరం తీరిపోయింది. అసలు సీజన్ ఏప్రిల్ చివర్లో, 162కు బదులు 144 పోటీలతో మొదలైంది.

పాత్రికేయుడు: యజమానులకు రెండు రోజుల్లో తీరిన అవసరం ఆ ఆటగాళ్లను మాత్రం వదలలేదు. తరువాత నిజంగానే మేజర్ స్థాయికి ఎదిగినవారికి కూడా సంఘ సభ్యత్వం ఇవ్వలేదు, ఆటగాళ్ల పేర్లు, బొమ్మలు వాడుకున్నందుకు వచ్చే ఆదాయంలో వాటా ఇవ్వలేదు. 2004లో బోస్టన్ విజేత జట్టులో ఆడిన కెవిన్ మిల్లార్ వీడియో గేముల్లో కల్పిత పేరుతో కనిపించేవాడు. ముఖం వేరు, పేరు వేరు, ఆడే స్థానం మాత్రం అతనిదే. రీడ్ 1998లో మేటి ఆటగాళ్లు ఆడే ఆల్‌స్టార్ పోటీకి ఎంపికయ్యాడు, అయినా సంఘం తలుపు తెరవలేదు.

న్యాయవాది: శిక్షకు గడువు ఉండవలసిందని నేనూ ఒప్పుకుంటాను. సమ్మె నడిచినన్ని రోజులు ఆ కాఠిన్యం అవసరమే, పదేళ్ల తరువాత కూడా అవసరమని చెప్పలేను. ఇంకొక సంగతి, 2022లో మైనర్ లీగ్ ఆటగాళ్లు ఇదే సంఘంలో చేరారు. మరుసటి ఏడాది కుదిరిన తొలి ఒప్పందంతో, మేజర్‌కు ఒక్క మెట్టు కింద ఉండే ట్రిపుల్-ఏ స్థాయిలో కనీస వార్షిక వేతనం 17,500 డాలర్ల నుంచి 35,800కు పెరిగింది.

పాత్రికేయుడు: నిజమే మేడమ్. 1995 శిబిరాల్లో ఉన్నవారిలో అప్పటికి ఇంకా ఆడుతున్నవారు మాత్రం ఒక్కరూ లేరు.