సెంపర్, నికోలాయ్: డ్రెస్డెన్ గోడ నేర్పే పాఠం

మిత్రులారా, జర్మనీలోని డ్రెస్డెన్‌లో 19వ శతాబ్దపు నవ పునరుజ్జీవన వాస్తుకళ (పునరుజ్జీవన కాలపు కట్టడాల శైలిని మళ్లీ తెచ్చిన ధోరణి) ఇద్దరు గురువుల పేరు మీద నిలిచింది. గోట్‌ఫ్రీడ్ సెంపర్ 1834లో అక్కడి కళా అకాడమీలో ఆచార్యుడయ్యారు. 1849 మే తిరుగుబాటులో పాల్గొని ఊరు వదిలి పారిపోయారు. 1850లో ఆ పీఠమెక్కిన హెర్మన్ నికోలాయ్ 1881 దాకా పాఠం చెప్పారు. పేరు సెంపర్‌ది, ఆ పద్ధతిని విద్యార్థుల చేతికి అలవాటు చేసింది మాత్రం నికోలాయే అంటాను.

ముందు లోపలి అమరిక, తర్వాతే ముఖభాగం: ఆ పద్ధతి ఇదే. సెంపర్ తొలి నాటకశాలలో (1838–41) ప్రేక్షకుల హాలు గుండ్రదనం బయటి గోడలో అర్ధవృత్తంగా కనబడేది. అది 1869లో కాలిపోయింది. 1878లో పూర్తయిన రెండోదానిలో ఆ వంపు కాస్త చదునైంది. సెంపర్ రూపొందించిన చిత్రశాలలో పెద్ద చిత్రాలకు పైకప్పు వెలుతురు పడే హాళ్లు, చిన్నవాటికి పక్క కిటికీల గదులు.

ఇక గోడ దగ్గరికి వద్దాం. కింది అంతస్తులో రాళ్ల అంచులు చెక్కి అతుకులు లోతుగా చూపిస్తారు. కమాను రాళ్లు బేసి సంఖ్యలో ఉండాలి; సరి సంఖ్య అయితే నడినెత్తిన రాయికి బదులు అతుకు పడుతుంది. వరుసల ఎత్తును కమానుతో ముందే లెక్క కుదుర్చుకోకపోతే పక్కన సన్నటి కోణాల ముక్కలు మిగులుతాయి. ముందు విరిగేవి అవే. పై కార్నిస్‌ను, అంటే గోడ నెత్తిన ముందుకు పొడుచుకొచ్చే అంచును, మొత్తం గోడ ఎత్తును బట్టి కొలవాలి. పై అంతస్తును మాత్రమే బట్టి కొలిస్తే చాలీచాలని టోపీలా ఉంటుంది. దాని అడుగున నీటి గాడి చెక్కకపోతే వాన నీరు వెనక్కి పాకి గోడమీద చారలు కడుతుంది.

రాయి ఎల్బే లోయ ఇసుకరాయి. పోస్టా రకం గట్టిది, బరువు మోసేచోట వాడతారు. కొట్టా రకం మెత్తనిది, సన్న చెక్కడానికి అనువు. బంకమన్ను కలిసి ఉండడం వల్ల తేమకు త్వరగా చెడుతుంది. రాయిని గనిలో ఉన్నట్టే పొరలు అడ్డంగా ఉండేలా పేర్చాలి. పొరలు గోడ ముఖానికి సమాంతరంగా నిలబడితే రేకులు రేకులుగా ఊడిపోతాయి. ముందుకు చొచ్చుకొచ్చిన కార్నిస్ దీనికి ఒక మినహాయింపు: అక్కడ పొరల్ని నిలువుగా, ముఖానికి లంబంగా పెడతారు. లేదంటే అడుగు పొర జారి రాలుతుంది.

నికోలాయ్ తర్వాత పీఠమెక్కిన కాన్‌స్టాంటిన్ లిప్సియస్ చేతిలో ఈ పద్ధతి సడలింది. 1894లో పూర్తయిన ఆయన కళా అకాడమీ భవనంలో అలంకారం ఎక్కువై గోడ లెక్క కంటికి ఆనదు.