చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలరా? అమ్మానాన్నల కోసం రోజూ ఐదు నిమిషాల ప్రాక్టీస్

అందరికీ నమస్కారం అండి. ఇవాళ నా పక్కన మా అమ్మ కూడా ఉంది, వయసు 71, వీడియో అనగానే పొద్దున్నే తలస్నానం చేసి రెడీ అయిపోయింది. ఇవాళ చూపించేది ఒక్కటే పనండి, చేతులు ఎక్కడా ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం. ఓస్ ఇంతేనా అని ఆపేయకండి, ఇది ఎందుకో చెప్తాను.

రెండేళ్ల క్రితం అమ్మ సోఫాలోంచి లేవాలంటే, కుడిచెయ్యి సోఫా హ్యాండిల్ మీద, ఎడమచెయ్యి మోకాలి మీద వేసి, ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఊగి, "రామచంద్రా" అని లేచేది. వయసు కదా అని మేమెవరం పట్టించుకోలేదు. మెల్లిగా ఏమైందంటే బాత్రూమ్‌కి లేవాల్సొస్తుందని నీళ్లు తాగడం తగ్గించేసింది, ఎదురింటి పిన్నిగారింటికి వెళ్లడం మానేసింది, ఎందుకంటే వాళ్లింట్లో దివాన్ బాగా కిందకి ఉంటుంది, కూర్చుంటే మళ్లీ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లేపాలి, అడగడానికి మొహమాటం. పెళ్లిళ్లకి రమ్మన్నా ఏదో ఒక వంక. మేమేమో నాన్న పోయిన దిగులు అనుకున్నాం. దిగులు ఉంది, కాదనను, కానీ సగం సంగతి కాళ్లల్లో ఉంది అని మాకు చాలా లేటుగా అర్థమైంది.

మనకి ముప్ఫై దాటిన దగ్గర్నుంచే కండ తగ్గుతూ వస్తుందండి, పదేళ్లకి 3 నుంచి 8 శాతం దాకా అంటారు, అరవై దాటాక ఆ తగ్గడం ఇంకా ఎక్కువ. కానీ కండకి వయసు తెలీదు, పని చెప్తే పెరుగుతుంది. అమెరికాలో బోస్టన్‌లో 90 ఏళ్ల చుట్టుపక్కల ఉన్న పదిమందితో 8 వారాలు కాళ్లకి బరువుల ఎక్సర్‌సైజ్ చేయించారు, 1990లో ఆ రిజల్ట్ వచ్చింది, పూర్తిగా చేసినవాళ్లకి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది! తొంభై ఏళ్లవాళ్లకండి. వాళ్లు మెషీన్ మీద చేశారు, మనకి మన ఒంటి బరువే చాలు.

సరే, కుర్చీ తెచ్చుకోండి. హ్యాండిల్స్ లేని డైనింగ్ కుర్చీ అయితే బెస్ట్. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, టైల్స్ మీద సర్రున జారుతుంది. ఏ కుర్చీ అయినా వెనక గోడకి ఆనించే పెట్టండి. సాక్స్ వేసుకుంటే తీసేయండి, చీర అయితే కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోండి, కాలికి అడ్డం పడకూడదు.

రా అమ్మా, కూర్చో. చూడండి, పూర్తిగా వెనక్కి జారబడలేదు, కుర్చీకి మధ్యలో కూర్చుంది. పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాయి, మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి ఉన్నాయి. ఇదే అసలు కిటుకు, పాదాలు ముందుకి చాపేసి ఉంటే ఎవరూ లేవలేరు. చేతులు రెండూ గుండెల మీద కట్టుకుంది. ఇప్పుడు నడుము నుంచి ముందుకి వంగాలి, ముక్కు కాలి బొటనవేళ్ల మీదకి వచ్చేదాకా, అప్పుడు మడమలతో నేలని నొక్కుతూ, గాలి వదులుతూ లేవాలి. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా. లేచాక ఒక్క క్షణం నిటారుగా నిలబడండి. కూర్చునేటప్పుడు ధబీమని కూలబడకండి, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకుంటూ దిగండి, బలం ఎక్కువ వచ్చేది ఆ దిగేటప్పుడే.

రావట్లేదా? కుర్చీ మీద గట్టి దిండు ఒకటి వేయండి, ఎత్తు పెరిగితే ఈజీ అవుతుంది. మా అమ్మ మొదలుపెట్టినప్పుడు రెండు దిండ్లు, నెలన్నరకి ఒకటి తీసేశాం, మూడో నెలకి రెండోదీ పోయింది. పొద్దున 5 సార్లు, సాయంత్రం 5 సార్లు, ఇంతే మొదట్లో. తొడల్లో కాస్త నొప్పి పర్లేదు, అది కండ నొప్పి, కానీ మోకాలి లోపల పోటు వచ్చినా, కళ్లు తిరిగినా, ఛాతీలో పట్టేసినట్టున్నా వెంటనే ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే అడిగి మొదలుపెట్టండి.

ఇంకోటి, పాలు పొంగేలోపు వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు, మళ్లీ రెండో కాలు, ఇది బ్యాలెన్స్‌కి. 65 దాటినవాళ్లు ఇలా బలానికీ బ్యాలెన్స్‌కీ కలిపి వారానికి కనీసం మూడు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

తిండి సంగతి కూడా చెప్పాలి, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు "నాకేం కావాలిరా, ఇంత మజ్జిగన్నం చాలు" అంటారు, మనం సరే అంటాం. అలా అనకండి ప్లీజ్. కండ పెరగాలంటే ప్రోటీన్ కావాలి, పెద్దవాళ్లకి కిలో బరువుకి ఒక గ్రాము పైనే మంచిది అంటారు, అంటే 60 కిలోలుంటే రోజుకి కనీసం 60 గ్రాములు, ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే, లెక్క మీరే చూసుకోండి. ముద్దపప్పు కాస్త ఎక్కువ వేయండి, ఉడికించిన శనగలు, పెరుగు, తినేవాళ్లకి గుడ్డు, చేప పెట్టండి. కిడ్నీ ప్రాబ్లమ్ ఉంటే మాత్రం డాక్టర్ చెప్పినంతే.

ఇప్పుడు అమ్మ సోఫా దగ్గర రామచంద్రా అనడం మానేసింది, రోజూ నాలుగింటికి పిన్నిగారింటికి వెళ్లిపోతుంది, ఇద్దరూ కలిసి అక్కడే ప్రాక్టీస్ చేస్తున్నారు, పిన్నిగారికి 74.

మీరు ఎక్కడున్నారో తెలుసుకోవాలంటే 30 సెకన్ల టెస్ట్ ఉంది, అర నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచారో లెక్క. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాడే లెక్క ప్రకారం 70 నుంచి 74 మధ్య ఆడవాళ్లకి 10, మగవాళ్లకి 12 కంటే తక్కువ వస్తే పడిపోయే రిస్క్ ఉన్నట్టు చూస్తారు. చెయ్యి ఆనిస్తే సున్నా కింద లెక్క. పక్కన ఒక మనిషిని పెట్టుకునే చేయండి, వచ్చిన నంబర్ గోడ క్యాలెండర్‌లో ఇవాళ్టి తారీఖు పక్కన రాసి, నెల తర్వాత మళ్లీ చూడండి. పోయిన నెల అమ్మకి 11 వచ్చాయి.

అమ్మా రెడీయా? ఫోన్‌లో టైమర్ పెడుతున్నాను, మీరు కూడా మాతోపాటు లేవండి. ఊపిరి బిగబట్టకు అమ్మా... ఆ, ఒకటి... రెండు...