అవ్వది దిగులేనా? తల స్కాన్ ఎప్పుడు అడగాలి

నమస్తే. అనంతపురం పక్క ఏ ఊళ్లో అరుగు మీద కూర్చున్నా ఈ మాట వినపడుతుంది: "వయసైపోయింది కదా, మనసు కుంగిపోయింది." విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. మెదడులో గడ్డ అంటే తలనొప్పి, వాంతులు, ఫిట్స్ అనుకుంటాం. కొందరు పెద్దవాళ్లలో అవేవీ రాకముందే మనిషి తీరు మారిపోతుంది.

డెబ్బై ఏళ్ల అవ్వ ఒకామె ఉందనుకోండి. తెల్లారకముందే లేచి కళ్లాపి చల్లే మనిషి ఇప్పుడు మంచం దిగదు. ఏడవదు, బాధ ఉందని చెప్పదు. పొయ్యి మీద సంగటి అడుగంటి ఇల్లంతా మాడు వాసన వస్తున్నా పక్కనే కూర్చుని ఉలకదు, పలకదు.

మన చేలో బోరు మోటారునే తీసుకోండి. బోరులో నీళ్లున్నాయి, మోటారు కాలలేదు, కరెంటు ఉంది. స్టార్టరే పట్టుకోవట్లేదు. నుదుటి వెనకుండే ముందు మెదడు ఆ స్టార్టర్ లాంటిది. అక్కడ గడ్డ నొక్కితే అవ్వ కాళ్లూచేతులూ బాగానే ఉంటాయి, మనవళ్ల పేర్లూ గుర్తుంటాయి, పని మాత్రం మొదలవదు. స్టార్టర్‌కు ఎర్ర బటన్ కూడా ఉంటుంది కదా? అది పాడైతే మోటారు ఆగదు. ముందు మెదడులో అదుపు చేసే భాగం దెబ్బతిన్నా అంతే: ఏనాడూ గొంతు పెంచని తాత అల్లుడి ముందే బూతులు తిడతాడు, చేతిలో డబ్బంతా ఎవరికో ఇచ్చేస్తాడు.

ఇలాంటి గడ్డల్లో మెనింజియోమా ఒకటి. మెదడును కప్పిన పొరల్లో పుడుతుంది. చాలావరకు క్యాన్సర్ కాదు, ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, ఆడవాళ్లలో ఎక్కువ. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోయి పుర్రెలో చోటు మిగులుతుంది కాబట్టి తలనొప్పి ఆలస్యంగా రావచ్చు. పుర్రె లోపల ముక్కుకు పైభాగాన పుడితే వాసన తెలియకపోవచ్చు. అవ్వకు మాడు వాసన తగల్లేదంటే కారణం అదీ కావచ్చు. ఆ ప్రశ్న ఎంతమంది అడుగుతారు?

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్తా. పెద్దవయసు డిప్రెషన్‌లో చాలావరకు గడ్డ ఉండదు. రక్తపరీక్షలో థైరాయిడ్, బి12 విటమిన్, సోడియం (ఒంట్లో ఉప్పు) చూడాలి. ఈమధ్య కింద పడ్డారేమో అడగాలి, తలలో రక్తం చేరినా ఇలాగే ఉంటుంది. ఇదివరకు ఏ మానసిక జబ్బూ లేని మనిషి అరవై దాటాక కొత్తగా మారినా, లేనివి కనపడుతున్నాయన్నా, మందులకు తగ్గకపోయినా స్కాన్ గురించి డాక్టర్‌ను అడగండి. చిన్న గడ్డలకు సీటీ కన్నా ఎంఆర్ఐ మేలు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో న్యూరాలజీ (మెదడు, నరాల జబ్బుల వైద్యం), న్యూరోసర్జరీ (వాటి ఆపరేషన్లు) రెండూ ఉన్నాయి. ఏది ఎప్పుడు మారిందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. వాడుతున్న మందులు మీ అంతట మీరు ఆపొద్దు. ఫిట్స్ వచ్చినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.