పాత డీజిల్ బండి లాగట్లేదా? పంపు దింపే ముందు పొగ చూడండి

(షాట్: వనస్థలిపురం ఆటోనగర్. బానెట్ ఎత్తిన పాత టాటా 407 మినీ లారీ. వెనక సగం లోడు బియ్యం బస్తాలు.)

నమస్కారం అన్నా. బేగంబజార్‌లో సరుకు ఎక్కించుకుని బంజారాహిల్స్ ఎత్తు ఎక్కే బండి, మొన్నటిదాకా మూడో గేర్‌లో ఎక్కేది. ఇప్పుడు రెండులోకి దించితే గానీ కదలట్లేదు. స్టార్టింగ్ బాగానే ఉంది. ఖాళీగా వెళ్తే ఏ తేడా తెలియదు. లోడు పడితేనే పికప్ పోతుంది. ఇలాంటి బండిని చూపించగానే చాలా షెడ్లలో వినపడే మాట ఒకటే: "పంపు పోయింది, దింపాలి."

పంపు అంటే ఇంజిన్‌కు కొలత ప్రకారం డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు. దాన్ని దింపితే బండి రోజుల తరబడి నిలబడిపోతుంది. ట్రిప్పులు పోతాయి, కిస్తీ మాత్రం ఆగదు. తీరా చూస్తే చాలాసార్లు తప్పు పంపుది కానే కాదు. సొంత బండి నడుపుకునే మనిషికి ఈ నష్టం జరగకూడదనే ఈ వీడియో చేస్తున్నాను.

ముందే ఒక మాట. నేను చెప్పేది మెకానికల్ పంపు ఉన్న పాత బండ్లకు. కామన్ రైల్ బండి (కంప్యూటర్‌తో డీజిల్ కొట్టే కొత్త రకం) అయితే ఇంజిన్ నడుస్తుండగా పైపు నట్లు అస్సలు ముట్టుకోవద్దు. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్ కూడా దాటవచ్చు. ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు.

(షాట్: వెనక చక్రం హబ్ దగ్గరికి చెయ్యి.)

మొదట, లాగనిది ఇంజినేనా? నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపండి. హబ్‌ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా. ఒక్కటి మాత్రమే సెగలు కక్కుతుంటే ఆ చక్రానికి బ్రేక్ పట్టేసి ఉంది. ఎత్తు మీద ఇంజిన్ రయ్యిమని లేస్తూ బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఈ రెండూ కాదనుకున్నాకే బానెట్ ఎత్తండి.

(షాట్: క్లోజప్. పంపు మీద యాక్సిలరేటర్ లివర్, దాని ముందు స్టాప్ బోల్ట్.)

ఇంజిన్ ఆపి ఉంది. "తమ్ముడూ, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు." చూశారా? లివర్ ఇక్కడిదాకా వచ్చి ఆగింది. బోల్ట్‌ను తాకలేదు, మధ్యలో వేలు పట్టేంత సందు ఉంది. అంటే కాలు అడుగుదాకా తొక్కినా పంపు పూర్తిగా తెరుచుకోవట్లేదు. కేబుల్ సాగి ఉండవచ్చు, పెడల్ కింద మ్యాట్ ముడతపడి ఉండవచ్చు. కేబుల్ సరిచేసి మళ్లీ తొక్కించండి. లివర్ బోల్ట్‌ను టక్కున కొట్టాలి. దీనికి స్పానర్ తప్ప ఇంకేమీ ఖర్చు లేదు. అయినా ఇది చూడకుండానే పంపు దించినవాళ్లు ఉన్నారు. అది విన్నప్పుడల్లా బాధేస్తుంది.

(షాట్: ఎత్తు ఎక్కుతున్న లోడు బండి. వెనక బైక్ మీద నుంచి సైలెన్సర్ వైపు కెమెరా.)

ఇప్పుడు పొగ. ఐడిల్‌లో చూసే పొగతో పని లేదు. లోడు వేసి, ఎత్తు మీద, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు వెనక నుంచి ఇంకొకరు చూడాలి.

డీజిల్ ఇంజిన్‌లో మన కాలు గాలిని ఆపదు. గాలి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తొక్కేకొద్దీ పెరిగేది డీజిలే. కాబట్టి పికప్ తగ్గిందంటే డీజిల్ అందట్లేదు, లేదా వచ్చిన డీజిల్ కాలడానికి చాలినంత గాలి లేదు. గాలి చాలకపోతే నల్లపొగ. బండి లాగట్లేదు, పొగ కూడా లేదంటే డీజిలే తక్కువ వెళ్తోంది. సగం రోగం ఇక్కడే తేలిపోతుంది.

పొగ లేని బండితో మొదలుపెడదాం. పాత బండ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

ట్యాంకు మూత వదులు చేసి అదే ఎత్తు ఎక్కించి చూడండి. మూత తెరవగానే లోపలికి గాలి పీల్చిన చప్పుడు వచ్చి, తర్వాత బండి లాగితే, మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. డీజిల్ బయటికి పోయిన చోటికి గాలి రాకపోతే ట్యాంకు లోపల వ్యాక్యూమ్ పడుతుంది, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగి పెద్ద పంపుకు ఇచ్చే చిన్న పంపు) లాగలేదు.

తర్వాత ఫిల్టర్ అడుగున డ్రెయిన్ బోల్ట్ వదులు చేసి గాజు సీసాలోకి పట్టండి. కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తాయి. వానాకాలంలో ఇది తరచూ చెయ్యాలి. ఫీడ్ పంపులో చిన్న జాలీ ఒకటి ఉంటుంది. ఫిల్టర్ మార్చేవాళ్లు కూడా దాన్ని మరిచిపోతారు. విప్పి కడగండి.

(షాట్: ఫీడ్ పంపు ముందు బిగించిన పారదర్శక పైపు. లోపల బుడగలు.)

ఇది దగ్గరగా చూడండి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు వచ్చే దారిలో ఒక మూర పారదర్శక పైపు పెట్టాను. ఇంజిన్ నడుస్తుంటే డీజిల్‌తో పాటు ఈ బుడగలు వస్తున్నాయి. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఎక్కడో పైపు చిట్లింది, లేదా వాషర్ పోయింది. ఇది పీల్చే వైపు కాబట్టి డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. కింద ఒక్క చుక్క తడి కనిపించదు. అందుకే ఈ తప్పు దొరకడం కష్టం.

అనుమానం తీరాలంటే శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, కదలకుండా, వేడికి దూరంగా కట్టి, ఆ పైపును నేరుగా ఫీడ్ పంపుకు ఇవ్వండి. అదే లోడు, అదే ఎత్తు. పికప్ వచ్చేసిందా? తప్పు ట్యాంకులోనో దాని పైపులోనో ఉంది. పాత ట్యాంకుల్లో తుప్పు రేకలు పీల్చే గొట్టం జాలీకి అంటుకుంటాయి. బండి ఆపగానే కిందికి జారిపోతాయి. కాసేపు ఆపితే బాగై, మళ్లీ మొరాయించే బండి అయితే ముందు ట్యాంకు కడిగించండి.

క్యాన్‌తో కూడా రాలేదంటే పంపు నుంచి వెనక్కి పోయే దారిలో ఓవర్‌ఫ్లో వాల్వ్ చూడండి. లోపల స్ప్రింగ్ నీరసపడితే డీజిల్ పంపులో నిలవకుండా ట్యాంకుకే తిరిగి పోతుంది. చిన్న సామానే.

టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపేది) ఉన్న బండి అయితే ఇంకొకటి. ఇంజిన్‌లోకి గాలి పోయే మానిఫోల్డ్ నుంచి పంపు మీది గుండ్రటి డబ్బాకు సన్నని పైపు ఒకటి పోతుంది. టర్బో గాలి ప్రెషర్ ఆ పైపు ద్వారా తెలిస్తేనే పంపు అదనపు డీజిల్ ఇస్తుంది. పైపు ఊడినా, పగిలినా టర్బో తిరుగుతూనే ఉంటుంది, పంపుకు మాత్రం కబురు అందదు. పొగ రాదు, బండి లాగదు.

(షాట్: ఎయిర్ క్లీనర్ మూత తీస్తూ.)

నల్లపొగ వస్తుంటే గాలి దారి పట్టుకోండి. ఎయిర్ ఫిల్టర్ కొట్టించేటప్పుడు గాలి లోపలి నుంచి బయటికి కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది. టర్బో నుంచి ఇంజిన్ దాకా ప్రతి హోస్ క్లిప్ దగ్గర తడి నూనె మరక కోసం చూడండి. సబ్బునీళ్లు పూసి ఇంజిన్ లేపితే లీకు దగ్గర నురగ వస్తుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారి మూసి వేగం తగ్గించేది) ఉన్న బండిలో దాని రేకు సగం మూసుకుని ఇరుక్కుపోయినా ఇదే లక్షణం. గాలి అంతా బాగుంటే, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ కారుతున్నాయేమో చూపించండి.

పాత పొల్యూషన్ సర్టిఫికెట్లు పారేయకండి. బీఎస్ 4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య నిబంధన) కంటే ముందు డీజిల్ బండ్లకు పొగ పరిమితి మీటరుకు 2.45. పొగ వెలుతురును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత ఇది. పోయినసారి 1.2 వచ్చిన బండి ఈసారి 2.1 చూపిస్తే పాసైనట్టే, కానీ లోపల ఏదో మొదలైంది.

తెల్లపొగ అంటే డీజిల్ కాలకుండా పోతోంది: టైమింగ్ (డీజిల్ పడే సమయం), నాజిల్ లేదా కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) తేడా. నీలంపొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పున తన్నుతుంటే అది బోర్ పని (సిలిండర్లు, రింగులు అరిగినట్టు), పంపు మార్చినా ఫలితం ఉండదు.

(షాట్: పంపు షాపులో టెస్ట్ బెంచ్, వరుసగా గాజు గొట్టాలు.)

ఇవన్నీ బాగున్నాయా? అప్పుడు పంపు దింపించండి. దింపే ముందు ఫ్లాంజ్ (పంపును ఇంజిన్‌కు బిగించే అంచు) మీద టైమింగ్ గీత పెట్టించండి. విప్పకముందే ఒకసారి బెంచ్ మీద నడిపి, ఏ ఆర్‌పీఎమ్‌లో ఎంత డీజిల్ వస్తోందో కాగితం మీద రాయించుకోండి, పని అయ్యాక మళ్లీ రాయించుకోండి. పికప్ కోసం స్క్రూ తిప్పి డీజిల్ పెంచుతామంటే ఒప్పుకోవద్దు. గాలికి మించిన డీజిల్ ఇస్తే వేడి పెరిగి పిస్టన్లు కరుగుతాయి. కంపెనీ లెక్క ప్రకారమే సెట్ చేసి సీల్ వేయమనండి, రెండు రీడింగుల కాగితాలూ తీసుకున్నాకే బిల్లు కట్టండి.