మాక్ అసెంబ్లీలో పిల్లల చేతికి ఏ బిల్లు ఇవ్వాలి? చర్చా కార్యక్రమం పూర్తి పాఠం

(స్టూడియోలో: ఒక అడ్వకేట్, సాంఘిక శాస్త్రం బోధించే హైస్కూల్ టీచర్, శాసనసభ వ్యవహారాలు తెలిసిన విశ్రాంత అధికారి, విద్యార్థుల తల్లిదండ్రుల తరఫున ఒక ప్రతినిధి. మాటలు ఒకదానిపై ఒకటి పడినచోట అలాగే ఉంచాం.)

మోడరేటర్: నమస్కారం. 2025 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థుల మాక్ అసెంబ్లీ జరిగింది. నియోజకవర్గానికి ఒకరు చొప్పున 175 మంది పిల్లలు ఎమ్మెల్యేలుగా కూర్చున్నారు. మా బడిలోనూ పెడదాం అనుకునే టీచర్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న: పిల్లలకు ఏ బిల్లు ఇవ్వాలి? ఎవర్ని అడిగినా ముందు చెప్పేది పదహారేళ్లలోపు వాళ్లకి సోషల్ మీడియా వద్దనే బిల్లు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి అది అమల్లోకి వచ్చింది కూడా. అసలు ఇలాంటి వేడి అంశాలు బడిలోకి తేవచ్చా, రాజకీయం రాదా అన్నది నా ప్రశ్న. మేడమ్, మీతో మొదలుపెడదాం.

టీచర్: తేవాలండి. పిల్లలకి తమ జీవితానికి తగిలే విషయం ఇస్తేనే నోరు విప్పుతారు. ప్లాస్టిక్ నిషేధం బిల్లు ఇచ్చి చూడండి, నలభై మందీ ఒకే పక్క. ఒకసారి వాడి పారేసే వస్తువులు 19 రకాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధంలోనే ఉన్నాయి. ఇక ప్రతిపక్షం ఏం మాట్లాడుతుంది? ఫోన్ విషయమైతే...

అడ్వకేట్: అక్కడే ఆపండి మేడమ్. ఫోన్ విషయం రాష్ట్ర అసెంబ్లీకి ఎలా వస్తుంది?

టీచర్: నేను చెప్పేది పూర్తి...

అడ్వకేట్: చెప్పండి, చెప్పండి. ఒక్క ముక్క చెప్పి వదిలేస్తా. రాజ్యాంగం ఏడో షెడ్యూల్, కేంద్ర జాబితా, 31వ అంశం. తపాలా, టెలిఫోన్లు, వైర్‌లెస్, ప్రసారాలు, ఇంకా అలాంటి సమాచార మార్గాలు అన్నీ కేంద్రానివి. రాష్ట్ర అసెంబ్లీ అని బోర్డు పెట్టి ఆ బిల్లు ప్రవేశపెడితే మొదటి నిమిషంలోనే పాయింట్ ఆఫ్ ఆర్డర్, అంటే ఇది నిబంధనలకు విరుద్ధం అన్న అభ్యంతరం, లేవాలి. లేవలేదంటే పిల్లలకి మనం తప్పు నేర్పినట్టే. పైగా మన 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పిల్లలంటే 18 ఏళ్లలోపు వాళ్లు. ఆస్ట్రేలియాని చూసి 16 అని రాస్తే ఆ రెండేళ్ల తేడాకి సమాధానం ఎవరు చెబుతారు?

మోడరేటర్: అంటే వివాదాస్పదమైనవి వద్దంటున్నారు.

అడ్వకేట్: కాదండీ! వివాదం కావాలి. అధికారం లేని సభలో వద్దు. అదే బిల్లు లోక్‌సభ నమూనాలో, యూత్ పార్లమెంట్‌లో పెట్టండి, నిక్షేపంగా ఉంటుంది. అక్కడా ఆస్ట్రేలియా చట్టం చదివి పెట్టాలి. వాళ్ల జరిమానా కంపెనీల మీదే, 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. పిల్లలకీ తల్లిదండ్రులకీ శిక్ష లేదు. మనవాళ్లు ముసాయిదా రాయగానే నాలుగో క్లాజులో తల్లిదండ్రులకి జైలు అని పెట్టేస్తారు.

పేరెంట్: అది మాత్రం నిజం. శిక్ష అనగానే జైలే గుర్తొస్తుంది పిల్లలకి.

విశ్రాంత అధికారి: నేనొక మాట చెప్పొచ్చా? ఏ సభ అన్నది ముందు తేల్చుకోవాలని ఆయన అన్నది సబబే. అయితే అసలు ఇబ్బంది సమయంతో వస్తుంది. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ యూత్ పార్లమెంట్ పోటీలు 1966 నుంచి జరుపుతోంది. అందులో సిట్టింగ్ మొత్తం 55 నిమిషాలు. ప్రమాణ స్వీకారం, సంతాపం, ప్రశ్నోత్తరాలు అన్నీ అందులోనే. చివర్లో బిల్లుకి మిగిలేది ఓ పావుగంట. ఆ పావుగంటలో మంత్రి చదివేస్తాడు, మూజువాణి ఓటు, బల్లలు చరచడం, అయిపోయింది.

టీచర్: మార్కులూ అలాగే ఉన్నాయండి. నూటికి చర్చ నాణ్యతకి 30, సభా పద్ధతులు పాటించినందుకు 20, ప్రశ్నలకీ జవాబులకీ 20, చర్చనీయాంశం ఎంపికకి 10, క్రమశిక్షణకి 10, మొత్తం మీద అంచనాకి ఇంకో 10. సవరణ ప్రతిపాదించి గెలిపించుకున్న పిల్లకి విడిగా ఒక్క మార్కు లేదు. అందుకే అందరూ ఉపన్యాసం బట్టీ పట్టుకొస్తారు. ప్రతిపక్ష నేత కూడా ఓడిపోవడానికే తయారై వస్తాడు. అందుకని బడిలో సొంతంగా పెట్టుకునేవాళ్లు బిల్లుకి రెండు పీరియడ్లు వదలాలి.

మోడరేటర్: ప్రతిపక్ష నేత పాత్ర అన్నారు. అక్కడే కదండీ పార్టీలు, రాజకీయం...

అడ్వకేట్: రాజకీయం అంటే భయమెందుకండీ? మీరు మూడోసారి అదే అడుగుతున్నారు.

మోడరేటర్: మా ప్రేక్షకులు అడిగేది అదే కాబట్టి.

విశ్రాంత అధికారి: పార్టీల పేర్లు, నాయకుల పేర్లు, మతం, ఈ మూడూ తీసేయండి. ట్రెజరీ బెంచీలు, అంటే అధికార పక్షం, ఇంకా ప్రతిపక్షం అంటే చాలు.

అడ్వకేట్: సరే, ఏ బిల్లు ఇవ్వాలో నేను చెప్తా. జూనియర్ కాలేజీల పనివేళల బిల్లు. విద్య ఉమ్మడి జాబితా 25వ అంశం, రాష్ట్రానికి అధికారం ఉంది. ఇంటర్ పిల్లల బతుకంతా అందులో ఉంది. ఇప్పుడు మూడో క్లాజు ఇలా రాశారనుకోండి: ‘ఏ విద్యార్థికీ రోజుకు ఆరు గంటలకు మించి తరగతులు నిర్వహించరాదు.’ బాగుంది కదా? బాగాలేదు. తరగతి అంటే ఏంటి? పొద్దున ఐదున్నరకి లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెడతారు. అది తరగతా? లెక్చరర్ పాఠం చెప్పట్లేదు, ఇన్‌చార్జి మాత్రం వెనకే తిరుగుతుంటాడు. రాత్రి డౌట్ క్లియరింగ్. ఆదివారం వీకెండ్ టెస్ట్. ఆరు గంటల చట్టం వచ్చిన మర్నాడు రెండు పీరియడ్లకి పేరు మార్చి స్టడీ అవర్ అంటారు. చట్టం చెక్కు చెదరదు, పిల్లాడు పద్నాలుగు గంటలు అక్కడే కూర్చుంటాడు. ఈ చిల్లు కనిపెట్టి నోటీసు ఇచ్చినవాడే శాసనసభ్యుడు.

పేరెంట్: అయ్యా, మాకూ ఇందులో మాట ఉంది. స్టడీ అవర్ తీసేస్తే హాస్టల్లో పిల్లాడు ఏం చేస్తాడని అడిగే తల్లిదండ్రులే ఎక్కువ. పక్క కాలేజీ ఎంత సేపు చదివిస్తుందో చూసి చేర్చేవాళ్లం మేమే...

అడ్వకేట్: అదే! అదే ప్రతిపక్షం వాదన! చూశారా, ఈ బిల్లుకి రెండు పక్కలూ ఉన్నాయి.

పేరెంట్: నన్ను పూర్తి చేయనివ్వండి. ఫీజు కట్టేది మేము. గంటలు తగ్గితే ఫీజు తగ్గుతుందా? బిల్లులో ఆ మాట రాకపోతే...

అడ్వకేట్: రాయాలి, సవరణగా రాయాలి. ‘తరగతి’ స్థానంలో ‘సంస్థ పర్యవేక్షణలో జరిగే ఏ బోధన, చదువు లేదా పరీక్ష అయినా’ అని మార్చాలి. రెండో క్లాజులో, నిర్వచనాల్లో. బిల్లు గెలవడం ఓడడం అంతా నిర్వచనాల్లోనే ఉంటుంది.

టీచర్: కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలిచ్చింది కదండీ. రోజుకు ఐదు గంటలు మించొద్దు, సెకండరీ పరీక్ష రాయని వాళ్లని చేర్చుకోవద్దు, ఒక్కో విద్యార్థికీ కనీసం ఒక చదరపు మీటరు చోటు అని. దాన్ని పిల్లలకి ఇచ్చి, ఇందులో ఏది చట్టంలోకి రావాలో ఎంచమనొచ్చు.

అడ్వకేట్: ఇవ్వొచ్చు, కాకపోతే అందులో కోచింగ్ సెంటర్ అంటే యాభై మందికి పైబడి ఉన్నది. 49 మందితో నడిపితే? ఇంకోటి, అవి మార్గదర్శకాలు, చట్టం కాదు. జూనియర్ కాలేజీ అని బోర్డు ఉంటే అది కోచింగ్ సెంటర్ కిందికి వస్తుందా? మళ్లీ నిర్వచనమే.

మోడరేటర్: (నవ్వుతూ) మీరు నిర్వచనాలు వదలరు. నేను మళ్లీ అడుగుతా. కాలేజీల మీద బిల్లు పెడితే యాజమాన్యాలు ఊరుకుంటాయా? బడిలోకి గొడవ తెచ్చినట్టు కాదా?

టీచర్: ఏ సంస్థ పేరూ ఎత్తనక్కర్లేదండి. పద్ధతి మీద చర్చ, అంతే.

విశ్రాంత అధికారి: డబ్బు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ప్రతి కాలేజీకీ ఒక కౌన్సెలర్ అని పిల్లలు తప్పకుండా రాస్తారు. ఎవరిస్తారు జీతం? వెయ్యి కాలేజీలు అనుకుందాం, నెలకి 30 వేలు అనుకుందాం. ఏడాదికి 36 కోట్లు. బిల్లు వెనక ఆర్థిక మెమొరాండం ఒక పేజీ జత చేయించండి. సంచిత నిధి, అంటే రాష్ట్ర ఖజానా, నుంచి ఖర్చయ్యే బిల్లుని పరిశీలించి ఆమోదించాలంటే 207వ అధికరణ ప్రకారం గవర్నర్ సిఫారసు కావాలి. ఆ లెక్క వేసిన పిల్లాడికి బడ్జెట్ అంటే ఏంటో ఒక్క పూటలో తెలుస్తుంది.

అడ్వకేట్: బాగా చెప్పారు. యాజమాన్యమే భరించాలి అని రాస్తే మెమొరాండం తేలికవుతుంది, ఫీజు పెరుగుతుంది. అప్పుడు ఈయన లేస్తారు. (పేరెంట్ వైపు చూస్తూ)

పేరెంట్: లేస్తాను మరి!

(అందరూ ఒకేసారి మాట్లాడతారు)

మోడరేటర్: ఒక్కొక్కరు, ఒక్కొక్కరు. మేడమ్, నిజంగా జరిగిన చట్టాల్లోంచి ఏదైనా తీసుకోవచ్చా?

టీచర్: నాకైతే ఇద్దరు పిల్లల నిబంధన మంచి అంశం అనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్నారు. ముప్ఫై ఏళ్లకి, 2024 నవంబర్‌లో, అదే అసెంబ్లీ ఆ నిబంధన తీసేసింది. జనాభా పెరుగుతోందని పెట్టారు, వయసు మళ్లినవాళ్లు ఎక్కువైపోతారని తీశారు. సగం క్లాసు 1994 మంత్రి, సగం క్లాసు 2024 మంత్రి. ఇద్దరి వాదనా...

మోడరేటర్: ఇదిగో, ఇది పక్కా రాజకీయం కదండీ!

టీచర్: కాదండి, రెండు కాలాల వాదన.

అడ్వకేట్: హర్యానాలో ఇలాంటి నిబంధనే చెల్లుతుందని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. జావేద్ కేసు. పిల్లలకి ఆ తీర్పు సారాంశం ఇవ్వాలి. చెల్లుతుంది అనడం వేరు, మంచిది అనడం వేరు. కోర్టు మొదటిది చూస్తుంది, సభ రెండోది చూడాలి. ఓటింగులో మాత్రం విప్, అంటే ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, ఉండకూడదు. మనసుకి నచ్చినట్టు వేయనివ్వాలి.

విశ్రాంత అధికారి: దీన్ని నేను ఒప్పుకోను. 1985లో పదో షెడ్యూల్, అదే ఫిరాయింపుల నిరోధక చట్టం, వచ్చాక సభ నడిచేదే విప్‌తో. విప్ లేని మాక్ అసెంబ్లీ నిజం చూపించదు.

అడ్వకేట్: విప్ పెడితే ఫలితం ముందే తెలిసిపోతుంది! చర్చ ఎందుకింక?

విశ్రాంత అధికారి: సవరణల మీద విప్ వద్దు, తుది ఓటుకి ఉండాలి అంటాను.

అడ్వకేట్: పదో షెడ్యూల్లో అలాంటి తేడా ఎక్కడుంది? పార్టీ ఆదేశానికి వ్యతిరేకంగా ఓటేస్తే...

మోడరేటర్: ఫిరాయింపుల చట్టం మీద వేరే కార్యక్రమం పెట్టుకుందాం. టైమ్ తక్కువుంది. ఒక టీచర్ రేపు మొదలుపెట్టాలంటే ఏం చేయాలి? టూకీగా.

విశ్రాంత అధికారి: ఆరు నుంచి ఎనిమిది క్లాజులు, ఒక్క కాగితం. ముందు ఉద్దేశాలు, కారణాలు నాలుగు వాక్యాల్లో. సవరణలు ముందు రోజు సాయంత్రానికి రాతపూర్వకంగా, ఏ క్లాజు, ఏ మాట తీసి ఏ మాట పెట్టాలి అని స్పష్టంగా స్పీకర్‌కి చేరాలి. నోటితో చెప్పే సవరణ తీసుకోవద్దు, అక్కడే గందరగోళం. రెండో క్లాజు నుంచి వరుసగా ఓటు. పేరు, అమలు తేదీ ఉండే ఒకటో క్లాజు చివరికి. మధ్యలో సవరణలు నెగ్గితే పేరు కూడా మారాల్సి రావచ్చు గనుక. స్పీకర్ పిల్లకి ఈ వరుస కాగితం మీద రాసిచ్చి రెండుసార్లు రిహార్సల్ చేయించాలి.

టీచర్: మూజువాణి ఓటులో గొంతు పెద్దవాళ్లు గెలుస్తారు. ఒక్క క్లాజుకైనా డివిజన్ అడగనిచ్చి నిలబెట్టి లెక్కపెట్టాలి. ఓడిన సవరణకి ఎన్ని ఓట్లొచ్చాయో బోర్డు మీద రాయాలి. వెనక బెంచీలో కూర్చున్న ఆడపిల్లల చేతులు అప్పుడే...

అడ్వకేట్: కోరం మర్చిపోయారు, సభ నడవాలంటే ఉండాల్సిన కనీస సంఖ్య. పదిమంది లేదా పదో వంతు, ఏది ఎక్కువైతే అది. నలభై మంది క్లాసులో పది. భోజనం బెల్లు కొట్టగానే సగం సభ ఖాళీ, అప్పుడు లేచి కోరం అడగాలి.

టీచర్: నేను ఓటు గురించి చెబుతున్నా.

మోడరేటర్: మేడమ్, క్షమించాలి, సమయం అయిపోతోంది. మొత్తానికి సార్ చెప్పిన కాలేజీ పనివేళల బిల్లు వైపే మొగ్గు కనిపిస్తోంది.

టీచర్: అలా తేలలేదండి. ఎనిమిదో తరగతి పిల్లలకి అది దూరం. వాళ్లకి బడి బ్యాగు బరువు...

పేరెంట్: ఫీజు సంగతి కూడా తేలలేదు.

మోడరేటర్: తేలలేదు, ఒప్పుకుంటున్నా. సార్, మీది ఆఖరి మాట, ముప్ఫై సెకన్లు. రాజకీయం రాకుండా ఎలా?

అడ్వకేట్: మళ్లీ రాజకీయం! బిల్లు ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఈ సభకి అధికారం ఉందా? రెండు పక్కలా నిజాయితీగా మాట్లాడగలరా? ఒక్క మాట మారిస్తే ఎవరి రోజువారీ బతుకైనా మారుతుందా? స్టడీ అవర్‌ని నిర్వచనంలో చేర్చారనుకోండి, ఐదున్నర బెల్లు ఆరున్నరకి పోతుంది. ఇంకా జరిమానా క్లాజు నేను చెప్పనేలేదు, రోజుకింత అనాలా విద్యార్థికింత అనాలా, అక్కడ పిల్లలు చేసే పొరపాటు ఏంటంటే...

మోడరేటర్: విరామం తీసుకోవాలి సార్, విరామం...

అడ్వకేట్: ...మొత్తం రాస్తారు గానీ వసూలు చేసే అధికారి ఎవరో రాయరు!

(ప్రసారం విరామానికి వెళ్లింది)