వరద కట్ట: నీళ్లు లేనప్పుడే చూడాల్సినవి

అందరికీ నమస్కారం. ఐదారు మీటర్ల ఎత్తుండే మట్టి కట్టల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. సాగునీటి చెరువు కట్టలు కావివి. వాగుకు అడ్డంగా వేసి, వరదను ఒకటి రెండు రోజులు ఆపి, అడుగున ఉన్న తూము గొట్టం గుండా నిదానంగా కిందికి వదిలే కట్టలు. చెరువు కట్టకు నెలల తరబడి నీరు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఊట ఎక్కడుందో కనిపిస్తూనే ఉంటుంది. వరద కట్ట ఏళ్లపాటు ఎండిపోయి ఉంటుంది. బీటలు వారుతుంది, పందికొక్కులు బొరియలు తవ్వుతాయి, తుప్పలు లేస్తాయి. ఆ లోపాలు వరద రాత్రి బయటపడతాయి. అప్పుడు బాగుచేసే వ్యవధి ఉండదు. అందుకే పని అంతా పొడిగా ఉన్నప్పుడే జరగాలి.

మట్టి కట్టలు ఎక్కువగా తెగేది రెండు రకాలుగా. నీరు కట్ట మీదుగా పొర్లడం ఒకటి. లోపల దారి చేసుకుని మట్టిని మోసుకుపోవడం రెండోది.

పొర్లడం గురించి చెప్పాలంటే అలుగు, అంటే మిగులు నీరు కట్ట మీదికి రాకుండా పక్కనుంచి పోయే దారి గురించి చెప్పాలి. అలుగును పోసిన మట్టి మీద కాకుండా, కట్ట చివర సహజమైన గట్టి నేలలో తవ్వాలి. వెడల్పాటి గడప ఉన్న అలుగు గుండా సెకనుకు పోయే ఘనపు మీటర్లు ఎన్నంటే: 1.7ను మీటర్లలో అలుగు పొడవుతోనూ, గడప మీది నీటి లోతును ఒకటిన్నర ఘాతానికి హెచ్చిస్తే వచ్చే సంఖ్యతోనూ గుణించాలి. 10 మీటర్ల అలుగు మీద 60 సెంటీమీటర్ల నీరు పారితే సుమారు 8 ఘనపు మీటర్లు. ఇంకాస్త నీరు నిలవాలని ఎవరో గడప మీద 30 సెంటీమీటర్ల ఎత్తున ఇసుక బస్తాలు పేర్చారనుకోండి. అదే మట్టానికి 2.8 మాత్రమే పోతుంది. గడప మీది నీటి లోతు సగమైతే ప్రవాహం సగం కాలేదు, మూడో వంతుకు పడింది! మిగిలిన నీరు కట్ట మీదికే వస్తుంది. అలుగుకు అడ్డంగా వేసిన ముళ్లకంచె కూడా చెత్త పట్టి ఇదే పని చేస్తుంది. 1889 మే 31న అమెరికాలోని జాన్‌స్టౌన్‌ను ముంచిన సౌత్ ఫోర్క్ మట్టి ఆనకట్ట కథ ఇలాంటిదే. చేపలు పోకుండా అలుగులో జాలీలు పెట్టారు, అడుగు గొట్టాలు అంతకుముందే తీసేశారు, దారి కోసం కట్ట పైభాగాన్ని తగ్గించారు. 2,209 మంది చనిపోయారు.

అలుగు నిండుగా పారేటప్పటి నీటి మట్టానికి కట్ట శిఖరం కనీసం 60 సెంటీమీటర్ల పైన ఉండాలి. కొత్త కట్ట కుంగుతుంది కాబట్టి ఎత్తులో 5 శాతం అదనంగా పోయాలి, 5 మీటర్లకు 25 సెంటీమీటర్లు. శిఖరం కంటికి చదునుగా కనిపిస్తే సరిపోదు, లెవెల్ యంత్రంతో కొలవాలి. బండ్లు, పశువులు దాటే చోట కొద్దిగా కుంగినా పొర్లే నీరంతా అక్కడికే చేరి గండి కొడుతుంది.

ఇక లోపలి కోత. పైమట్టి, వేళ్లు తీసేసి, నీరు ఇంకని పొర దాకా పునాది కందకం తవ్వి బంకమట్టితో నింపాలి. మట్టిని 20 సెంటీమీటర్లకు మించని పొరలుగా, తగిన తేమతో రోలర్ కింద అణచాలి. ఇదంతా చాలామంది బాగానే చేస్తారు. తప్పు జరిగేది తూము గొట్టం దగ్గర. గొట్టం కింది వంపులోకి రోలర్ చేరదు, మట్టి వదులుగా మిగులుతుంది, నీరు గొట్టం వెంబడే దారి పడుతుంది. గొట్టం కింద కాంక్రీటు పీఠం పోసి, పక్కల పలుచటి పొరలుగా చేతి దిమ్మిసతో కొట్టాలి. ఒకప్పుడు గొట్టం చుట్టూ కాంక్రీటు పట్టీలు వేసేవారు; వాటి పక్కన మట్టి మరింత వదులుగా మిగిలిపోతుండటంతో ఆ పద్ధతి వెనకబడింది. ఇప్పుడు కట్ట దిగువ సగంలో గొట్టం చుట్టూ ఇసుక వడపోత గోడ పెడతారు. నీరు పోతుంది, మట్టి ఆగుతుంది. ఆ ఇసుకలో మెత్తని రేణువులు ఉండకూడదు. తడి ఇసుకను గ్లాసులో కూరి, నీటి తొట్టిలో బోర్లించి, గ్లాసు తీసేయండి. కుప్ప వెంటనే కూలాలి. నిలబడితే ఆ ఇసుకలోనూ బీట నిలబడుతుంది, అది పనికిరాదు.

మట్టికీ ఓ చిన్న పరీక్ష ఉంది. శనగగింజంత మట్టి పెళ్లను కదపకుండా డిస్టిల్డ్ వాటర్‌లో వేయండి. చుట్టూ పాల లాంటి మబ్బు కమ్మితే అది నీటిలో చెదిరే మట్టి, ఎంత అణచినా సన్నని బీట దొరికితే కొట్టుకుపోతుంది. వీలైతే వేరే మట్టి వాడండి.

కట్ట మీద గడ్డి తప్ప మరేదీ పెంచకండి. పెద్ద చెట్టును నరికి మొద్దు వదిలేస్తే వేళ్లు కుళ్లి సొరంగాలవుతాయి. వేళ్లతో సహా తవ్వి, పొరలుగా మట్టి అణచి పూడ్చాలి. బొరియలకూ అంతే, పైన మూత వేస్తే లోపలి ఖాళీ అలాగే ఉంటుంది.

వరద వచ్చినప్పుడు కట్ట పాదం వెంబడి నడిచి ఊట చూడాలి. సీసాలో పట్టి కాసేపు ఉంచితే తేట నీరా, మట్టి దిగుతోందా తెలుస్తుంది. మట్టి దిగుతుంటే ముందు దిగువ ఇళ్లను ఖాళీ చేయించండి, తర్వాతే మిగతా పని. 1976 జూన్ 5న అమెరికాలోనే టీటన్ ఆనకట్ట దగ్గర ఉదయం బురద ఊట కనబడింది, మధ్యాహ్నానికల్లా కట్ట తెగింది. అది చాలా పెద్ద కట్ట. చిన్న కట్టకు అంత సమయం కూడా ఉండకపోవచ్చు. బుంగను దిగువ వైపు గోనె సంచులతో మూయకండి, నీరు పక్కన ఇంకో దారి వెతుక్కుంటుంది. దాని మీద ముందు ఇసుక, తర్వాత కంకర, ఆపైన రాళ్లు పరిస్తే నీరు వచ్చినా మట్టి రాదు. నీటి మట్టం తగ్గించడానికి కట్టకు గండి కొట్టే ప్రయత్నం వద్దు. గొట్టం ముందరి జాలీకి పట్టిన చెత్తను, సుడి లాగేసే ప్రమాదముంది కాబట్టి నీళ్లలోకి దిగకుండా, గట్టు మీదినుంచే పొడవాటి కొక్కేలతో లాగాలి. వరద తీశాక ఎగువ వాలు చూడటం మరవకండి. నీరు త్వరగా దిగితే తడిసిన మట్టి జారుతుంది, శిఖరానికి సమాంతరంగా విల్లులా వంగిన బీట దానికి తొలి గుర్తు.